చెక్క కింది రంగు

మ్యూజియం వర్క్‌షాపు బల్ల మీద పాత తుపాకీ ఉంది. బయట వరండాలో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

“అన్నయ్యా, పోలీసులొచ్చేశారు! ఈ తుపాకీ నకిలీదని తేలిపోయింది. బీరువా తాళం నీ దగ్గరుంటుంది కాబట్టి నిన్నే పట్టుకుపోతారు.”

“అసలు తుపాకీని నేను తియ్యలేదే! ఆ తాళం ఇంట్లో మేకుకే వేలాడుతుంది కదా.”

“ఇది చేసినవాడు మాత్రం పనిమంతుడు. గొట్టం మీద ఉన్నది పెయింటు కాదు. తుప్పు పట్టించి, రుద్ది, మళ్ళీ పట్టించి తెచ్చిన గోధుమ రంగు.”

“ఆ పని ఈ ఊళ్ళో మన ఇంట్లో ముగ్గురికే వచ్చు. అందుకేగా నా మెడకు చుట్టుకుంది.”

“గొట్టం కిందున్న ఆ చెక్క ఊడదియ్యి. అసలు తుపాకీకి ఈ చెక్క కింద రంగుందా?”

“లేదు. నేనే శుభ్రం చేశాను, అంతా వట్టి ఇనుమే.”

“మరి దీనికి చెక్క కింద కూడా నున్నగా రంగెక్కించారు చూడు. ఇంత కష్టం నువ్వు పడతావా?”

“నాకంత ఓపికెక్కడిది? నీకు అసలే లేదు.”

“నకలు చేస్తున్నా అలవాటును ఆపుకోలేకపోయారు.”

“వద్దమ్మా, ఆ మాట అనకు. అమ్మానాన్న పోయాక మనకు అన్నం పెట్టిన మనిషి.”

“కనపడని చోట రంగు వదిలేస్తే మొట్టికాయలు వేసిందీ ఆయనే. ఇప్పుడు పోలీసుల్ని వెంటబెట్టుకొస్తున్నదీ ఆయనే. నువ్వు నోరు విప్పకపోతే జైలుకి నువ్వే పోతావ్.”

“నాకు భయంగా ఉందే.”

“నాకూ భయమే. తలుపు తీస్తున్నారు. చెప్పరా అన్నయ్యా, ఎవరు చేశారో చెప్పు!”

“బాబాయ్! ఇన్‌స్పెక్టర్ గారూ, మా బాబాయే చేశాడు. మీ పక్కనే ఉన్నాడు.”