మిషను బెల్టు చెప్పిన వాన

టైలర్ గురించా? అదెంతమ్మాయ్, చిన్న కథ. రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ స్టూలు లాక్కుని కూర్చో. అది కాదు, దానికి మూడే కాళ్లు. పక్కది. ఆఁ. అప్పట్లో మన వీధి ఇంత వెడల్పు ఉండేది కాదు. రేవు దగ్గర మొదలైతే ఐసు ఫ్యాక్టరీ దాకా ఒకటే సందు. ఉప్పుగాలికి గొళ్లేలు, తాళాలు ఏడాదికోసారి తుప్పుపట్టి రాలిపోయేవి. తాళాలు బాగుచేసేవాడు మూడంతస్తుల మేడ కట్టాడంటే అదంతా సముద్రం పెట్టిన తిండే. ఐసు ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన ఉండేవాడు, మండుటెండలో కూడా మెడకి మఫ్లరు. అడిగితే "లోపల చలండీ" అనేవాడు. లోపలికి ఎప్పుడైనా వెళ్తేగా! పొద్దస్తమానం టీ కొట్టు దగ్గరే. ఏమిటీ? టైలరా? చెప్తున్నాను కదా, ఆయన దగ్గరికే వస్తున్నాను.

నా గడియారాల దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఆయన కుట్టు దుకాణం. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. కుట్టడం అంతంతమాత్రమే. మీ నాన్నకి కుట్టిన చొక్కాకి ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకోటి మణికట్టు దాకా. మీ నాన్న అదే వేసుకుని పెళ్లిచూపులకి వెళ్లాడు. సరే, నీ దగ్గర అది వద్దులే. ఊరు ఆయన చుట్టూ తిరిగింది కుట్టు కోసం కాదు, వాన కోసం. వాన వస్తుందా, గాలి లేస్తుందా అని ఎవరికి అనుమానం వచ్చినా ఆయన దుకాణం మెట్ల దగ్గరికే. ఆయన మిషను నాలుగుసార్లు తొక్కి, ఆకాశం వంక కూడా చూడకుండా, "సాయంత్రానికి పడుతుంది" అనేవాడు. పడేది.

మరి నా దుకాణంలో ఏముందో తెలుసా? బారోమీటరు! మా నాన్న పాత ఓడ సామాన్ల వేలంలో కొన్నది. ఇత్తడి చట్రం, అద్దం, ఒకటే ముల్లు. గాలివాన వచ్చే ముందు ముల్లు కిందికి దిగుతుంది. శాస్త్రం అమ్మాయ్! రోజూ దాన్ని తుడిచి గుమ్మానికి ఎదురుగా పెట్టేవాణ్ని. ఒక్కడు అడిగితే ఒట్టు. అంతెందుకు, మీ అత్త! నా సొంత పెళ్లాం! తడిబట్టల బకెట్టు పట్టుకుని నా ముందునుంచే వీధి దాటి వెళ్లి, "అన్నయ్యా, డాబా మీద ఆరేసుకోమంటారా?" అని ఆయన్ని అడిగేది. తిరిగొస్తూ నా వంక చూసి, "మీరు పని చూసుకోండి, పాపం" అనేది. ఆ "పాపం" ఉంది చూశావా, అది ఇప్పటికీ ఇక్కడ, ఇదిగో, ఇక్కడ గుచ్చుకుంటుంది.

ఆ ఏడే రేవు జెండా చూసే ముసలాయనకి చూపు పోయింది. స్తంభం మీద ఎర్రజెండా ఎగిరితే పడవ కదలకూడదు. అదీ కట్టుబాటు. రేడియోవాళ్లు మన రేవు పేరెత్తితేగా! ఎవడి చేతిలో జెండా ఉంటే వాడి మాటే అందరి ప్రాణం. నాకు కావాలనిపించింది. ఒక్క జెండా నా చేతికొస్తే మీ అత్త బకెట్టు నా దగ్గర ఆగుతుందని. వెళ్లి అడిగితే పడవల పెద్ద ఏమన్నాడంటే, "నెల రోజులు టైలరూ నువ్వూ ఇద్దరూ చెప్పండి. ఎవరి మాట నిలబడితే వాళ్లదే జెండా." ఇరవై రోజులయ్యేసరికి ఆయన ముందు, నేను చాలా వెనక. నేనేమో కళ్లద్దాలు పెట్టుకుని వీధికి ఇవతల నుంచి ఆయన కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు దొరికింది గుట్టు. మిషను చక్రానికి తోలు బెల్టు ఉంటుంది కదా, గాలిలో తేమ పెరిగితే తోలు సాగుతుంది. బెల్టు జారుతుంది, కాలు ఆడినా సూది ఆడదు. జారితే వాన, జారకపోతే ఎండ. అంతే ఆయన విద్య!

ఏం చేశానా? నవ్వకపోతే చెప్తాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు, నా పటకారుతో బెల్టు కొక్కెం విప్పి, పావు అంగుళం కోసేసి, మళ్లీ తగిలించాను. గడియారాల చెయ్యి కదా, అతుకు కనిపించనే లేదు. ఆయన వచ్చి తొక్కి, "ఈసారి గాలి భలే ఆరిందే" అన్నాడు. నాకు ఆ పూట అన్నం రెండింతలు పట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం నా ముల్లు దిగింది. మామూలుగా కాదు, ఎప్పుడూ చూడనంత. అవతల ఆయన, "నిశ్చింతగా వెళ్లండిరా" అంటున్నాడు. నలభై పడవలు. రేవుకి పరిగెత్తి, "ఆగండి, పెద్ద గాలి వస్తుంది" అని అరిచాను. పడవల పెద్ద తాడు విప్పుతూనే, "ఏం గడియారం, కుళ్లు ఇక్కడిదాకా వచ్చిందా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. రెండు పడవలు నీళ్లలోకి దిగాయి కూడా. ఇంక వేరే దారేముంది? టైలర్ కూడా నా వెనకే వచ్చి పక్కన నిలబడ్డాడు. అందరి ముందూ చెప్పేశాను. "ఆయన బెల్టు నేను కోశాను. ఆయన మాట నమ్మకండి." మీ అత్త కూడా అక్కడే ఉంది. పడవల పెద్ద విప్పిన తాడు మళ్లీ కట్టేసి, దిగిన రెండు పడవల్నీ వెనక్కి పిలిచాడు.

చినుకు పడలేదమ్మాయ్. ఆకాశం అద్దంలా ఉంది. తుఫాను ఎటు పోయిందో ఏమో గానీ, మన రేవులో ఆకు కదలలేదు. బెల్టు కోసేసినా ఆయన చెప్పిందే నిజమైంది! కడుపు మండటానికి ఇంకేం కావాలి చెప్పు? మర్నాడు వలల షెడ్డులో అందరూ చేరారు. జెండా ఆయనకి, తన్నులు నాకు, అనుకునే వెళ్లాను. ఆయన మెడలో టేపుతోనే లేచి, "నాకొద్దు, తమ్ముడికివ్వండి. వేట పోతే ఒక్కరోజుది పోతుంది. పడవలు ఆగడం కోసం తన పరువు తనే తీసుకున్నాడు. జెండా దగ్గర అలాంటివాడే ఉండాలి" అన్నాడు. మీ అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా కోసం కాదు. "ఎంత మనసండీ అన్నయ్యది" అని.

జెండా నాకే ఇచ్చారు. పంతొమ్మిదేళ్లు ఎగరేశాను. ఆయన పోయి పాతికేళ్లవుతోంది. రేవులో ఎవర్నైనా అడుగు, దాన్ని ఇప్పటికీ టైలర్ జెండా అనే అంటారు.