ముత్యాలు జీపు ఘాటీ ఎక్కిన సంగతి

ముత్యాలుకి లెక్కలంటే ఎంత హుషారో అడక్కండి, బస్సు ఎదరనుంచి వెళ్తుంటే అది దాటేలోపు లోపల ఎంతమందున్నారో చెప్పేస్తాదంట. బుల్లెబ్బాయి కూతురు, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఏది చెడిపోయినా విప్పేస్తాది, విప్పింది మళ్ళీ బిగించేస్తాది. వాళ్ళకో పాత పెట్రోలు జీపుంది. సోమారం సోమారం ఉప్పు, ఉల్లిపాయలు, జనం ఎక్కించుకుని, ఘాటీ రోడ్డు మలుపులెక్కి కొండ మీద సంతకి వెళ్తాది. ఏమైందంటే, దాని కార్బురేటరు పగిలిపోయింది. కార్బురేటరంటే పెట్రోల్లో గాలి కలిపి ఇంజనుకి తాగించే డబ్బా అనుకో. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదన్నారంట. బుల్లెబ్బాయి విసిగిపోయి, సోమారం సాయంత్రం పాతినప కొట్టాయన వస్తాడు, తూకానికిచ్చేస్తాను అన్నాడంట. ముత్యాలు ఊరుకుంటాదా? ఆ జీపు తోలుకుని సంతకి వెళ్ళాలని ఎన్నాళ్ళనించో కాచుక్కూచుంది, దాన్ని తూకానికేస్తారా! "నాన్నా, సోమారం పొద్దున్న ఘాటీ ఎక్కించి చూపిస్తాను. ఎక్కిందా, జీపు మనదే, తోలేది నేనే" అందంట. "ఎక్కలేదనుకో, మళ్ళీ దాని పేరెత్తకూడదు" అన్నాడంట ఈయన. సరే అంటే సరే అనుకున్నారు తండ్రీ కూతుళ్ళు.

ఇంకేముంది, పరిగెట్టుకుంటా టౌనులో అబ్బులు దగ్గరకెళ్ళింది. వరసకి మావ, లేతు మిషను మీద పని చేస్తాడు. అక్కడో మూలన పాడైపోయిన వ్యాను కార్బురేటరుంది. ఇది మా జీపుకి పెడదాం మావా అందంట. ఆయన పగలబడి నవ్వి, "ఒసే, జీపు మూతి ఏంటి, దీని మూతి ఏంటి! గేదె మెడకి మేక తలకాయ పెడతానంటావేంటే" అన్నాడంట. మూతి అంటే ఏంటంటే, కార్బురేటరు కింద మానిఫోల్డని ఓ ఇనప గొట్టం ఉంటాది. కాలవ నుంచి బోదెలు చీలినట్టు, అక్కణ్ణించి పెట్రోలూ గాలీ నాలుగు సిలిండర్లకీ పాయలుగా పోతాయి. ఆ మానిఫోల్డు మూతి ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు, వ్యానుదేమో ముప్పై రెండు. దానికి రెండు బోల్టులు, దీనికి నాలుగు. "మధ్యలో ఓ పళ్ళెం పెడదాం మావా, పన్నెండు మిల్లీమీటర్ల మందం. పైన ముప్పై రెండు, కింద ముప్పై ఎనిమిది, గరాటాలా జారుగా చేద్దాం. పక్కకి మూడేసి మిల్లీమీటర్లే కదా" అని అలా నించునే చెప్పేసిందంట. అబ్బులు నవ్వు ఆపేసి కళ్ళజోడు పెట్టుకున్నాడనుకో. అట్ట మీద గీసి చూస్తే పాత బెజ్జాలూ కొత్త బెజ్జాలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఈ పిల్ల ఏం చేసింది, అట్టని నలబై అయిదు డిగ్రీలు తిప్పేసింది. అంతే, దేని చోటు దానికి దొరికింది! కింది బోల్టుల తలకాయలు పళ్ళెంలో మునిగిపోయేటట్టు తవ్వించింది. ఇంటికొచ్చి, మానిఫోల్డు మూతి చుట్టూ లేచున్న గట్టుని ఆకురాయితో అరగదీసింది. అద్దమ్ముక్కకి కాటుక రాసి ఆనించడం, ఎత్తుగా ఉండి నలుపంటుకున్న చోట అరగదీయడం, మళ్ళీ ఆనించడం, మళ్ళీ అరగదీయడం. సందుల్లో గాలి దూరకుండా వేసే అట్టకి దళసరి కాయితం లేకపోతే చుట్టాల పెళ్ళి శుభలేఖ కత్తిరించేసిందంట. ఆదివారం మధ్యాన్నం తాళం తిప్పితే, దడదడమని లేచి కూచుంది జీపు! వీధి వీధంతా చప్పట్లు.

సోమారం పొద్దున్న బస్తాలెక్కించారు. ముత్యాలు వాళ్ళ మామ్మ సత్తెమ్మ కూడా సంతకి తయారైంది. బయల్దేరే ముందు, కొత్తగా ఇంటికొచ్చినదానికి బొట్టెట్టకుండా పంపుతామా అని, కార్బురేటరుకి ముద్దలా పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. అందరూ దణ్ణం పెట్టుకున్నారు, ముత్యాలూ పెట్టుకుంది. ఘాటీ మొదలైంది. రెండు మలుపులు తిరిగింది, ఆగిపోయింది. బుల్లెబ్బాయి గబుక్కున దిగి చక్రం వెనకాల రాయి పెట్టాడు. కాసేపాగి తిప్పితే అంటుకుంది. మళ్ళీ రెండు మలుపులు, మళ్ళీ ఆగింది. మళ్ళీ రాయి. "చెప్పానా, నీ పళ్ళేనిదే తప్పు, దిగవే తల్లీ" అన్నాడంట ఆయన. ముత్యాలుకి ఏడుపొచ్చేస్తంది గానీ వేళ్ళు లెక్కెడతానే ఉన్నాయి. "ఉండు నాన్నా. పళ్ళెం దగ్గర గాలి లాగేస్తే మొదట్నించీ దగ్గాలి కదా. ఇది సరిగ్గా రెండేసి మలుపులకి ఆగుతాంది. డబ్బాలో ఉన్నంతసేపూ తాగుతాంది, తర్వాత పెట్రోలు దిగట్లేదు" అంటా కార్బురేటరు మూత మర కొంచెం వదులు చేసింది. ఉస్సుమని గాలి లాక్కుంది! చూస్తే ఏముంది, ఆ డబ్బా గాలి పీల్చుకునే సన్నటి బెజ్జం ఉంటాది, సరిగ్గా దాని మీదే మామ్మ నడిమి బొట్టు. మన నూనె డబ్బాకి ఒక్క బెజ్జమే పెడితే నూనె దిగుద్దా? రెండోది పెట్టాలి కదమ్మా? అదీ ఇదీ ఒకటే. "నా బొట్టుదంటావే తప్పు?" అని మామ్మ లేచింది. "బొట్టుది కాదే మామ్మా, నువ్వు నుదురనుకుని ముక్కు మూసేశావు!" జీపులో జనం పడీ పడీ నవ్వారంట. మామ్మ కొప్పులో పిన్ను లాగి, తనే ఆ బెజ్జం శుభ్రంగా పొడిచి ఇచ్చింది.

తర్వాతింక జీపు ఎక్కడా ఆగలేదు. ఆఖరి ఎత్తు దగ్గర ఈ పిల్ల గేరు దించి తొక్కితే, బస్తాల మీద కూచున్నవాళ్ళు ఈలలేశారంట. సంతలో దిగాక ఎవరో, "ఏం బుల్లెబ్బాయ్, కొత్త డ్రైవర్ని పెట్టుకున్నావా?" అన్నారంట. ఆయన చేతిలో రాయి ఇంకా అలాగే ఉంది. "నేను పెట్టుకోడమేంటండీ, ఆవిడే నన్ను పెట్టుకుంది" అన్నాడంట.

ఆయ్, అంతేనమ్మా జరిగింది. పాతినప కొట్టాయన సాయంత్రం వచ్చి మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఇప్పుడు సోమారం వచ్చిందంటే బుల్లెబ్బాయి జీపు వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడతాడు. ముందు సీటడిగితే, "మలుపుల్లో దిగి రాయి పెట్టాలి కదా నాన్నా, అక్కడే ఉండు" అంటాదంట ముత్యాలు. నేనూ ఎక్కుతాను లెండి ఆ జీపు. ఆయన దారంతా నవ్వుకుంటానే ఉంటాడు. కూతుర్ని చూసుకునో, గాలి చల్లగా తగిలో, అది మటుకు నేనడగలేదు.