పేరంటాలు ముసుర్లో మడ చూసిన వైనం

పేరంటాలని మెట్ట ఊరి పిల్ల ఉండేదంట. దానికి సముద్రం పక్కన మడ అడవిలో ఉన్న పల్లె నుంచి సంబంధం వచ్చింది. పిల్లోడి పేరు నూకరాజు, చేపల వేటకెళ్తాడు, మంచోడేనంట. మరి ఆడపిల్లోళ్ళు ఇల్లు చూసుకోవాల కదా, తండ్రి సూరన్న బయల్దేరాడు. ఏమైందంటే, ఆయనెళ్ళింది రోణి కార్తె ఎండల్లో, అదీ పాటు మీద. నీళ్ళన్నీ ఎనక్కి పోయినాయి, మోకాల్లోతు బురద, కుళ్ళు కంపు, కాలెడితే పీత. ముక్కు మూసుకుని తిరిగొచ్చేసి, నా పిల్లని ఆ బురదలో దింపనన్నాడంట. అటోళ్ళు బతిమాలితే మంచు కాలంలో మళ్ళీ ఎళ్ళాడు. ఈసారి మంచు ఎంత కమ్మేసిందంటే, చేయి చాపితే తగిలే చెట్టు కూడా కనపళ్ళేదనుకో. పడవలో కూకుని వణికి వణికి వచ్చి, అక్కడసలు ఊరే లేదు, మన ఊళ్ళో సంబంధమే ఖాయం చేసేత్తాను అన్నాడు. మీరు నవ్వుతున్నారు గానీ ఆయన బెంగ ఆయనది. తల్లి లేని పిల్ల.

పేరంటాలికి ఒళ్ళు మండింది. కాపరం చేసేది నేను కదా నాన్నా, నేనే చూత్తాను, అదీ వాయుగుండం పట్టినప్పుడే చూత్తాను, ఊరు నిలబడుద్దో లేదో అప్పుడే తెలుద్ది, నచ్చకపోతే నువ్వు చెప్పినోణ్ణే చేసుకుంటాను అందంట. అనుకున్నట్టే ముసురు పట్టింది, గాలి లేచింది. తండ్రిని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. నూకరాజు గోనె కప్పుకుని పడవ తెచ్చాడు. మడ కాలవలోకి తిరిగేదాకా పడవ ఇటూ అటూ ఊగిపోయి, సూరన్న కళ్ళు మూసుకుని దేవుళ్ళందర్నీ పిలిచేశాడు. తిరిగాక? బయట సముద్రం అరుస్తానే ఉంది, లోపల నీళ్ళు ఊరికే అలా ఊగుతున్నాయంతే. మడచెట్లు వేళ్ళూ వేళ్ళూ పెనేసుకుని గాలిని ఆపేసినాయి మరి. పల్లెలో పడవలన్నీ ఆ చెట్లకే కట్టేసున్నాయి. కొమ్మ కొమ్మకీ కొంగలు, చెట్టు కనపడకుండా తెల్లగా. ఎక్కడెక్కడి పిట్టా అక్కడికే వచ్చేసింది. వాన కడిగిన ఆకు నిగనిగలాడతా ఉంటే, పేరంటాలు పడవలోనే లేచి నిలబడిపోయిందంట.

నాన్నా, కళ్ళు తెరువు, మన పాక కప్పు ఈపాటికి చెరువులో పడుంటది, ఇక్కడ చూడు, పొయ్యి కూడా ఆరలేదు అంది. నిజంగానే నూకరాజు వాళ్ళమ్మ పొయ్యి మీద పీతల పులుసు ఉడుకుతా ఉంది. సూరన్న చూశాడు, చూశాడు, ఆ కొంగల్ని చూసి ఏడ్చేశాడంట. ఇన్ని పిట్టలు నమ్మినాయి, నేను నమ్మకపోతే ఎలాగమ్మా, ఇచ్చేత్తాను అన్నాడు. ఆగు నాన్నా, ఊరు నచ్చింది, పిల్లోణ్ణి నేనింకా చూళ్ళేదు అని, నూకరాజు వైపు తిరిగి, ఆ గోనె తీసి ఇలా వెలుగులోకి రా అందంట. నచ్చాడా అని నన్నడుగుతావేంటే పిల్లా? ముసురు వదలకుండానే తాంబూలాలు పుచ్చుకున్నారు. అప్పట్నించి మా వైపు ఆడపిల్లలు ఎండ కాసిన రోజు సంబంధం చూడ్డానికి ఎళ్ళరు. గాలి లేచిందంటే చాలు, పెళ్ళి కావాల్సిన కుర్రోళ్ళందరూ మంగలి కోసం పరిగెడతారు.