చౌల్దారీ వెళ్లిన తెలుగు పిల్లి

అధ్యక్షులు గవరయ్య గారికి, ముందు వరుసలోని పెద్దలకు, సముద్రం దాటొచ్చి ఈ దీవిలో స్థిరపడ్డ మా జంగ్లీఘాట్ తెలుగువాళ్లకు, నా తెలుగు సగమే అర్థమైనా మొహమాటపడి వచ్చి కూర్చున్న భయ్యాలకు, దీదీలకు ఈ ధరణి నమస్కారాలు. (నవ్వులు) ఈ ఉక్కలో శాలువా కప్పించుకుని చెమటలు తుడుచుకుంటున్న మా గణేశ్వరరావు బాబాయికి ఇంకో నమస్కారం.

బాబాయిది పడవ ఇంజన్ల స్పేరు పార్టుల దుకాణమని మీ అందరికీ తెలుసు. కింద కొనడానికి వచ్చినవాళ్లమీద కసురుకునే ఈ మనిషి, మెట్లెక్కి పైగదిలోకి వెళ్లగానే గొంతు తగ్గించేసేవారు. చేపల పడవలు ఆగే జట్టీ దగ్గర పుట్టి, మనిషి అలికిడైతే చాలు బుసకొట్టే పిల్లికూనలను ఆ గదిలో పెట్టి, మచ్చిక చేసి, ఇళ్లకు పంపేవారు. ఇప్పుడు మోకాళ్లు మెట్లెక్కనివ్వక ఆ పని నాకు అప్పగిస్తున్నారు.

ఆయన పద్ధతి చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. మొదట్లో కూనల వైపు చూడనైనా చూడకుండా, వీపు తిప్పి కూర్చుని పేపరు చదువుకునేవారు. తర్వాత పొడవాటి గరిటె చివర చేపముక్క, ఆ తర్వాత గరిటె పోయి వేలి కొస, తింటుండగా వీపుమీద చిన్నగా నిమరడం, బుస ఆగాక ఒళ్లోకి ఎత్తుకోవడం. ఇంత చేశాక కూడా కూనను వదలరు. పెంచిన చేతికి రావడం గొప్ప కాదు, ముక్కూమొహం తెలియని చేతికి రావాలంటూ కొత్తవాళ్లతో పరీక్ష పెట్టించేవారు. ఆ కొత్తవాళ్లం మేమే, పక్క దుకాణాల తెలుగువాళ్లం. "దా అమ్మా, దా" అని పిలిచేవాళ్లం, అవి వచ్చేసేవి.

చివరి ఈతలోని చుక్క అనే కూన కూడా అలాగే నెగ్గి, చౌల్దారీలో పోకతోట ఉన్న ఫూల్‌మణి దీదీ ఇంటికి వెళ్లింది. వెళ్లినది మంచం కింద దూరిందట. చేప చేతిలో పెట్టుకుని పిలిస్తే ఇంకా లోపలికి పారిపోతోందని, అది అడవి పిల్లేనని, వెనక్కి తీసుకుపొమ్మని దీదీ ఫోన్ చేశారు. ఆ రోజు బాబాయి దుకాణంలో ఎవరినీ కసురుకోలేదు. అప్పుడే నాకు భయమేసింది.

"అంచనా తప్పిపోనానమ్మా. ఎదిగిపోయిన దాన్ని ఇంకెవరు తీసుకుంటారు? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్లీ ఆ జట్టీ కుక్కల మధ్యనే వదలాల" అన్నారు. అది తేలేదాకా ఈ సన్మానం వద్దన్నారు. గవరయ్య గారూ, హాలు ఇన్నాళ్లూ ఎందుకు ఖరారు కాలేదో ఇప్పుడు తెలిసిందా. (నవ్వులు)

ఇద్దరం బస్సెక్కి చౌల్దారీ వెళ్లాం. దీదీ పాపం మాముందే నేలమీద కూర్చుని, అరచేతిలో చేపముక్క పెట్టుకుని, ఎంతో ప్రేమగా "లే, లే, ఖా లే" అన్నారు. హిందీలో తీసుకో, తిను అని ఆమె అర్థం. చుక్క తోక ముడిచి పెట్టె వెనక్కి పోయింది. బాబాయి తల పట్టుకున్నారు. రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని, గోనెసంచిమీద పడుకున్న కూనలను "లే, లే, తుడవాల" అని అదిలించింది ఈయనే మరి. ఆ ఇంట్లో దాన్ని పూట పూటా అన్నానికి పిలిచి, ఆ పిలుపుతోనే తరిమేస్తున్నారు. (నవ్వులు, చాలాసేపు)

"దీదీ, దా బోలో" అన్నారు బాబాయి, తను మాత్రం గుమ్మం బయటికి వెళ్లిపోయి. దీదీ బెరుకుగా "దా… దా" అన్నారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత పెట్టె వెనకనుంచి మూతి వచ్చింది, మీసాలు వచ్చాయి, చుక్క వచ్చి ఆమె అరచేతిలోనే తిన్నది. బయట నిలబడ్డ మనిషి అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. బాబాయీ, నేను చూశాను. నాకూ ఏడుపొచ్చింది, గుండెల మీంచి బండ దించినట్టయింది.

ఇకమీదట పరీక్షకు కొత్తవాళ్లుగా హిందీ, బెంగాలీ, తమిళం మాట్లాడేవాళ్లనూ పిలుస్తాను. వచ్చి కూర్చోవాలని మీ అందరినీ వేడుకుంటున్నాను.

ఈ ఉదయం దీదీ ఫోన్ చేశారు. పోకలు కొనే వ్యాపారి, అసలు ముందెప్పుడూ చూడని మనిషి, ఇంట్లోకొస్తే చుక్క లేచి పారిపోలేదట. అతని కాళ్ల దగ్గరే పడుకుని నిద్రపోయిందట. ఆ మాట చెప్పగానే బాబాయి "అయితే ఇంక నాకు సెలవిప్పించమ్మా" అన్నారు. అందరికీ ధన్యవాదాలు. అడిగినాయనకు సంతోషంగా ఇచ్చేద్దాం, సెలవు.