ముదురు నీలం మీద బీరు

సరస్సు ఒడ్డు ఊరు కోపకబానాలో, గుడి ముందు ఆదివారం పొద్దున కొత్త బళ్ళన్నీ పూలదండలు వేసుకుని దీవెన కోసం వరసగా నిలబడ్డాయి. ముదురు నీలం కారు దగ్గర మాత్రం పని ఆగిపోయింది. కారు కొన్న సాతుర్నీనో ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, చేతులు బార్లా చాపి బానెట్‌కి అడ్డంగా నిలబడ్డాడు మహానుభావుడు. ఎదురుగా బీరు సీసాతో సెలెదోనియో తాత. ఈ ఊళ్ళో కొత్త బళ్ళని నేలతల్లి పచమామకి అప్పగించే పెద్దమనిషి ఆయనే. సాతుర్నీనో పెళ్ళాం ఫోర్తునాతా కాస్త ఎడంగా గట్టు మీద కూర్చుంది.

“తప్పుకో నాయనా. మూత తీసేశాను, నురగంతా పోతోంది.”

“చక్రాలకి పొయ్యి తాతా. నాలుగింటికీ పొయ్యి. వద్దన్నానా?”

“చక్రాలకి పోస్తే చక్రాలే క్షేమంగా ఇంటికి చేరతాయి.”

“బానెట్ మీద మాత్రం వద్దు. బీరు ఈ ఎండకి ఎండిందంటే పెయింటుని తినేస్తుంది. అమ్మినవాళ్ళు మరీ మరీ చెప్పారు. మొదట్లో పసిబిడ్డని చూసినట్టు చూసుకోమన్నారు.”

“పసిబిడ్డకైనా గుడికి తెచ్చి నెత్తిన నీళ్ళు పోస్తాం కదయ్యా.”

“పోశారుగా! ఇందాక పాదిరిగారొచ్చి తీర్థం చల్లి వెళ్ళారు. అదయిపోయింది.”

“చల్లారు తాతా. ఈయన కారు మీద గొడుగు పట్టాడు.”

“నువ్వు ఊరుకో ఫోర్తునాతా. నీటి చుక్క ఎండితే మచ్చ పడుతుంది.”

“తీర్థం అది.”

“తీర్థమైతే మచ్చ పడదా?”

“నేనేమన్నాను? గొడుగు పట్టావన్నాను.”

“అయితే గొడుగుకి ఇంక భయం లేదు. అమ్మాయ్, మీ ఆయన ఇంట్లో కూడా ఇంతేనా?”

“ఇంట్లో ఉంటేగా తాతా! వాకిట్లోనే కాపురం. దానికి స్నానం చేయిస్తుంటాడు. సబ్బునీళ్ళకో బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్టు. చంటిపిల్లల షాంపూ. మా పిల్లలకి ఏనాడూ బట్టల సబ్బే.”

“బట్టల సబ్బు రుద్దితే మెరుపు పోతుందే!”

“అదే. మా పిల్లలకి పోయింది.”

“తాతా, దాని మాటలకేం గానీ నువ్వు నా గోడు విను. పెళ్ళి కాకముందు నుంచీ ఊరివాళ్ళ మినీబస్సులు తోలాను. తలుపొక రంగు, డొక్కలొక రంగు. ఎవడు గుద్దినా దిగి చూసేవాణ్ణి కాదు, పాత సొట్ట ఏదో కొత్త సొట్ట ఏదో తెలిస్తేగా! ఇది నాది. వచ్చింది వచ్చినట్టు ఉంది. దీన్లో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.”

“గీసుకున్నాడు కూడా.”

“ఒక్కసారి!”

“అద్దం పగిలిందామ్మా ఇంట్లో?”

“లేదు తాతా.”

“అంత ప్రాణమైతే షెడ్డులో పెట్టి తాళం వేసుకోకపోయావా నాయనా? ఇంత దూరం ఎందుకు తెచ్చావు?”

“ఈవిడ కోసం! బండొచ్చి మూడు వారాలైంది. ఒక్కసారి ఎక్కలేదు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని తిరుగుతున్నాను. ఎల్ ఆల్తోలో మా వీధివీధంతా ఏం, పెళ్ళాం వదిలేసిందా అని అడుగుతోంది. ఎందుకెక్కవే అంటే, దీవించని బండి ఎక్కనంది. సరే తల్లీ, దీవిద్దాం పద అన్నాను. ఇక్కడిదాకా కూడా ఎక్కలేదు. ముందు నేను కార్లో, నా వెనకాల ఈవిడ బస్సులో.”

“బస్సు బాగానే ఉంది తాతా. కిటికీ పక్కన దొరికింది.”

“ఆ బస్సుకి దీవెనలయ్యాయా?”

“అడగలేదు.”

“చూశావా తాతా! విన్నావా!”

“తిక్వినాలో సరస్సు దాటేటప్పుడు కారుని బల్లకట్టు మీద పెట్టి, నీళ్ళు చిందుతాయని దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. మేమంతా పక్కన పడవలో ఉన్నాం. పాపం ఎవరో ముసలావిడ, లోపల రోగి ఉన్నాడామ్మా అని అడిగింది.”

“ఏం చెప్పావు?”

“ఉన్నాడన్నాను.”

“నవ్వు తాతా, నువ్వు కూడా నవ్వు. నాకేం కావాలో చెప్తాను విను. ఇవాళ ఈవిడ నా పక్కన కూర్చుని ఇంటికి రావాలి. అంతే. ఇంత కష్టపడి కొన్నది దేనికి? ఈవిడ పక్కన లేకపోతే నాకు ఆ బండెక్కినట్టే లేదు.”

“అయితే తప్పుకో మరి.”

“నీళ్ళు కలిపి పోస్తే?”

“తల్లికి నీళ్ళ బీరు పోస్తావా? రేపు కొండ మలుపులో ఆవిడ కూడా సగమే కాపాడుతుంది.”

“పోనీ ఒక్క సీసా.”

“రెండు. ఇటొకటి, అటొకటి. తర్వాత పూలరేకులు, రంగు కాగితాలు, టపాకాయలు.”

“రంగు కాగితాలు తడిస్తే రంగు దిగుతుంది తాతా! టపాకాయలకి రవ్వలు లేస్తాయి!”

“లేవకపోతే వాటిని ఎవడు కొంటాడు?”

“ఫోర్తునాతా, ఇటు చూడు. ఇదంతా చేయిస్తే ఎక్కుతావా?”

“ముందు పొయ్యనీ.”

“ఎక్కుతావా అని అడుగుతున్నా.”

“పొయ్యనీ అంటున్నాగా.”

“సరే. పొయ్యి తాతా. నా ఖర్మ.”

“చేతిలో గుడ్డ కింద పెట్టు.”

“పట్టుకుంటాను, అంతే. తుడవను.”

“తల్లికి పెట్టి, ఎప్పుడు ఎత్తేద్దామా అని నిలబడతారా ఎవరైనా? పెట్టు కింద.”

“పెట్టాను.”

“కళ్ళు తెరువు.”

“తెరవను. నువ్వు కానియ్యి.”

“తల్లీ పచమామా! ఈ బిడ్డ బండి నీ వీపు మీద తిరుగుతుంది. మంచులో, మలుపుల్లో, తాగినవాడు ఎదురొచ్చినప్పుడు చల్లగా చూడు. ఇదిగో బానెట్ మీద. ఇదిగో తలుపుల మీద. ఇదిగో పైన.”

“పైన కూడానా!”

“పైకప్పు ఇంట్లో పెట్టి తిరుగుతావా? అమ్మాయ్, ఆ రేకులూ కాగితాలూ చల్లు. గుప్పిట నిండా చల్లు, దాచుకోకు. ఆఁ. ఇప్పుడు టపాకాయలు. చెవులు మూసుకోండి.”

“అయిందా తాతా?”

“అయింది. కళ్ళు తెరువు.”

“అమ్మో! ఏమిటిది, పెళ్ళి పందిరి కూలినట్టుంది. ఇక్కడ... తలుపు మీద ఇక్కడ నల్లగా ఏదో...”

“రవ్వ పడింది. మంచి శకునమే. సీసాలో కాస్త మిగిలింది, ఓ గుక్క తాగు. నేను ఆ తెల్ల లారీ దగ్గరికి పోవాలి.”

“ఉండు తాతా, ఒక్క నిమిషం ఉండు. నువ్వే సాక్షివి. ఫోర్తునాతా! అయింది చూడు. బీరు కారుతోంది, కాగితాలు అంటుకున్నాయి, తలుపు కాలింది. ఒక్క మాట అన్నానా? ఇంక లే. రా, ఎక్కు.”

“నా బస్సు రెండింటికి.”

“మళ్ళీ బస్సేమిటే! దీవించారు కదా!”

“దీవించారు. మంచిదే. నువ్వు క్షేమంగా ఇంటికి రా.”

“దీవించని బండి ఎక్కనన్నావా లేదా? తాతా, అందా లేదా?”

“అన్నాను. నువ్వు ఎందుకు ఎందుకు అని చంపుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా.”

“అంటే, అది కాదా?”

“కాదు.”

“మరేమిటి?”

“వదిలెయ్. చిన్న విషయం.”

“చిన్న విషయానికి మూడు వారాలా? నా కారు మీద రెండు సీసాల బీరా? చెప్పు!”

“తాత ముందు ఎందుకులే.”

“చెప్పమ్మా. నా వయసుకి నేను విననిదేముంది?”

“బండొచ్చిన రోజు నేను బజార్లో చేపలమ్ముకుని వచ్చాను. మా చెల్లెలుంది, ఎదురింటివాళ్ళున్నారు, అందరూ చుట్టూ మూగి ఉన్నారు. నాకు ఎంత సంతోషమైందో తెలుసా? మా ఆయన కారు అని బానెట్ మీద ఇలా చెయ్యి వేశాను.”

“ఆఁ, వేస్తే?”

“నేనింకా అక్కడ నిలబడే ఉన్నాను, సాతుర్నీనో. అందరి ముందూ నా చెయ్యి ఎత్తి పక్కన పెట్టి, అది ఆనిన చోటు గుడ్డతో తుడిచావు.”