ఫెరెట్ కొరకని వేలు

తను పట్టిన కుందేటికి మూడే కాళ్లని మొండికేసే రకం కాదు ఈనాక్ థ్రెల్‌ఫాల్. అతని కుందేటికి ఆరు కాళ్లుంటాయి, ఇంకో గ్లాసు బీరు పడితే రెక్కలు కూడా మొలుస్తాయి. డెబ్భై దాటినా గొంతు మాత్రం కంచుగంట. యార్క్‌షైర్ కొండల్లో వాన పట్టుకుందంటే కెల్‌బెక్ ఊళ్లో మగాళ్లంతా డోరీన్ పబ్బుకి చేరేవారు. పొయ్యి పక్క కుర్చీ ఈనాక్‌ది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే ఆ పూట ఊరికి కథ లేనట్టే.

ఆ అక్టోబరు మధ్యాహ్నం అతను గొర్రెల రైతు విల్ఫ్‌ని కూర్చోబెట్టుకుని ఏదో మొదలెడుతుండగా, తడిసిన కోటుతో హెస్టర్ లోపలికొచ్చింది. ఆమె చేతిలో ఓ చెక్కపెట్టె. చూడగానే ఈనాక్ దాన్ని పోల్చుకున్నాడు. ఆ పెట్టె ఆమె తండ్రి ఏమస్‌ది. పోయిన నెలే మట్టిలో కలిశాడు. ఈనాక్, ఏమస్ కలిసి కుందేళ్ల వేటకి వెళ్లినన్నాళ్లూ అది ఏమస్ భుజానే వేలాడేది. అందులో ఉండేది ఫెరెట్, పేరు టాన్సీ. మన ముంగిసకి దూరపు చుట్టంలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బొరియలోకి వదిలితే కుందేళ్లని బయటికి తరుముతుంది, బయట పరిచిన వలల్లో అవి పడతాయి.

"బస్సొచ్చేదాకా కూర్చుంటాను ఆంటీ," అంది హెస్టర్.

"ఎక్కడికే ఈ వానలో?" అంది డోరీన్, టీ పోస్తూ.

"టౌన్లో పశువుల డాక్టరు దగ్గరికి. ఒక్క సూదితో ప్రాణం పోతుందట, నొప్పి కూడా ఉండదట." హెస్టర్ పెట్టెకేసి చూడలేదు. "ఊరంతా అడిగాను. కంపని ఒకరు, కొరుకుతుందని ఇంకొకరు. ఎవరూ తీసుకోవట్లేదు. నాకు ఇంట్లో పసివాడు. పెట్టె పట్టుకోవడానికే నాకు భయం, ఇంక పెంచడం ఎక్కడ?"

ఈనాక్ గ్లాసు కింద పెట్టాడు. టాన్సీని సూదికి పంపడమా! పోనీ తను తీసుకుందామంటే, తనుండే వృద్ధుల క్వార్టర్లలో పిచ్చుకని పెట్టుకున్నా ఊరుకోరు. ఇంక అతని దగ్గర మిగిలింది నాలుక ఒక్కటే. అది ఇంతవరకూ అతన్ని ఎప్పుడూ ముంచలేదు.

"కూర్చో తల్లీ. అందులో ఉన్నదెవరో తెలియక తీసుకెళ్తున్నావు. పోయిన శీతాకాలం ఈ విల్ఫ్ గాడి క్యాబేజీ చేను కుందేళ్లు మొత్తం మేసేశాయా, మీ నాన్నా నేనూ పొద్దున్నే వెళ్లి బొరియలకి వలలు కట్టి టాన్సీని లోపలికి వదిలామా, ఓ నిమిషం చప్పుడు లేదు, తర్వాత నేల కింద దడదడమని... ఒకటి పడింది, రెండు పడ్డాయి, చూస్తుండగానే ఇరవై!"

"మొన్న పన్నెండన్నావు," అన్నాడు విల్ఫ్.

"పన్నెండు వలల్లో పడ్డాయిరా. మిగతావి లొంగిపోయాయి. చేతులెత్తి వరసలో నడిచొచ్చాయి. నువ్వు గొర్రెల దగ్గరున్నావు, నీకేం తెలుసు? సరే, అది చిన్న సంగతి. చర్చి సంగతి విను తల్లీ. చర్చిలో మైకు పెడదామన్నారు. వైరు లాగాలంటే నేలమీద రాతి పలకలన్నీ పీకాలని సిటీ నుంచి వచ్చినవాళ్లు తేల్చేశారు. ఫాదరు గారికి కళ్లనీళ్లొక్కటే తక్కువ. అప్పుడు మీ నాన్న టాన్సీ నడుముకి తాడు కట్టి, వైరు లాక్కుపోయేలా నేల కింది పాత గొట్టంలోకి వదిలాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అటువైపు తేలింది," అంది డోరీన్.

"తేలడమా! దారి తప్పి చర్చిలో వాయించే ఆర్గన్ గొట్టాల్లోకి దూరింది. ఒక్కో గొట్టంలోంచీ పరిగెత్తుతుంటే, దేవుడి మీదొట్టు, పాట మొత్తం మోగింది! ఒక్క స్వరం తప్పలేదు! ఫాదరు గారు మోకాళ్ల మీద పడ్డారు."

హెస్టర్ పెదవి కొద్దిగా వంకర తిరిగింది. నవ్వే. ఈనాక్ అది చూశాడు. ఇంకేం, గుర్రానికి కళ్లెం వదిలేశాడు.

"ఈ సంగతి టెలిఫోను వాళ్లకి తెలిసింది. నది కింద కేబుల్ లాగాలి, మీ టాన్సీని పంపండయ్యా అని కారేసుకొచ్చారు. తాడు కట్టాం, వదిలాం. నది దాటింది. ఆగుతుందా? పౌరుషం గల జీవి! కొండ కింద నుంచి, ఇంకో కొండ కింద నుంచి, కేబుల్ లాక్కుంటూ పోతూనే ఉంది. ఇక్కడ చక్రం గిర్రున తిరుగుతోంది, టెలిఫోను వాళ్లు ఇంకో చక్రం, ఇంకో చక్రం అంటూ లారీలు పిలిపిస్తున్నారు. మూడో రోజుకి అది ఓ బొరియలోంచి తల బయటికి పెట్టి చూసింది కదా, ఎదురుగా గౌన్లేసుకున్న మగాళ్లు బూరలూదుతున్నారు!"

"స్కాట్లండా?" అన్నాడు విల్ఫ్, గ్లాసు దించి.

"మరి? అప్పుడు మా క్వార్టర్లో ఫోను మోగింది. ఎత్తాను. మాట లేదు. మీసాలు రుద్దుకుంటున్న చప్పుడు! నేను క్షేమంగా చేరాను, గాభరా పడకండి అని దాని భావం. అలాంటిది కొరుకుతుందా తల్లీ? అక్కడ అది విడిది చేసిన ఇంట్లో పసిపాప ఏడుస్తుంటే, తోకతో ఉయ్యాల ఊపి..."

"బాబాయ్," అంది హెస్టర్. ఆమె నవ్వు ఎప్పుడో పోయింది. "మరి నీ వేలు?"

ఈనాక్ ఎడంచెయ్యి దానంతటదే బల్ల కిందికి పోయింది.

"నాకు ఏడేళ్లప్పుడు నువ్వే చెప్పావు. ఆ సగం వేలు నా ముక్కు దగ్గర పెట్టి, మీ నాన్న ఫెరెట్ పటుక్కున కొరికి మింగేసి ఉంగరం మాత్రం ఉమ్మేసిందన్నావు. ఆ రోజు నుంచి నేను నాన్న ఫెరెట్లని పెంచే షెడ్డులో అడుగు పెట్టలేదు. ఆయన సాయంత్రాలన్నీ అక్కడే గడిపేవాడు. రావే అని పిలిచేవాడు. కొన్నాళ్లకి పిలవడం మానేశాడు." "ఇప్పుడు నువ్వే అది ఉయ్యాల ఊపుతుందంటున్నావు. నేను ఏది నమ్మాలి?"

"అది... అది వేరే ఫెరెట్ తల్లీ. దాని వంశమే వేరు. దాని తాత..."

"ఏ ఫెరెటూ కాదు," అంది డోరీన్, గ్లాసు తుడుస్తున్న గుడ్డ పక్కన పడేసి. "గొర్రెల మేతకి టర్నిప్ దుంపలు తరిగే మిషను. విల్ఫ్ వాళ్ల కొట్టంలో. నా ఏప్రను చింపి కట్టు కట్టింది నేనే."

"మిషను ఇంకా ఉంది," అన్నాడు విల్ఫ్. "మా నాన్న దాని మీద నీ పేరు కూడా రాశాడు."

ఈనాక్ ముగ్గురి మొహాలూ చూశాడు. "టర్నిప్ మిషనంటే ఎవడు వింటాడు, చెప్పండి?"

విల్ఫ్‌కి నవ్వు ఆగక బీరు పొలమారింది. డోరీన్ మాత్రం నవ్వలేదు. "విన్నారుగా మరి, లోయంతా విన్నారు. ఇవాళ ఆ పిల్ల గుమ్మం గుమ్మం తిరిగినా ఎవరూ తీసుకోలేదంటే దాని పళ్లని చూసి కాదు. నీ వేలిని చూసి."

ఈనాక్ బల్ల కింద నుంచి చెయ్యి తీసి, ఆ సగం వేలిని తనే చూసుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చుని, కథ అల్లకుండా దాన్ని చూడడం అదే మొదలు.

హెస్టర్ విసురుగా పెట్టె మూత తీసింది. లోపల గడ్డిలో టాన్సీ గుడ్డపీలికలా పడుంది. ఆమె వేలితో తాకింది. కదల్లేదు. "చచ్చిపోయింది!" అని కేక పెట్టింది. "అయ్యో, నా చేతుల్లోనే చచ్చిపోయింది!"

"చావలేదు," అన్నాడు ఈనాక్. గొంతులో కంచు లేదు. "అవి అలాగే పడుకుంటాయి. ఒక్కోసారి ఎత్తినా లేవవు. రొమ్ము కింద ఓ చెయ్యి పెట్టు. రెండోది వెనక కాళ్ల కింద. గట్టిగా పట్టుకోకు, అలాగని వదులుగానూ కాదు. ఆఁ, అంతే."

హెస్టర్ ఊపిరి బిగబట్టి ఎత్తింది. టాన్సీ ఆమె చేతుల్లో తడిబట్టలా వేలాడింది. కాసేపటికి గులాబీరంగు నోరు తెరిచి ఆవలించి, కళ్లు సగమే తెరిచి, ఆమె చొక్కా చేతిలోకి ముక్కు దూర్చి మళ్లీ పడుకుంది.

"కొరుకుతుందా?"

ఈనాక్ నాలుక చివరికి సింహాలొచ్చాయి, సాధువులొచ్చారు. అన్నిటినీ మింగేశాడు. "బెదిరిస్తే కొరుకుతుంది. పసివాడి దగ్గర ఒంటరిగా వదలకు. కుక్కనైనా వదలవు కదా."

"కంపు?"

"ఉంటుంది. గడ్డి మార్చకపోతే ఇంకా ఉంటుంది."

"ఆ చర్చి సంగతి?"

"తాడు లాగింది, అది నిజం. కానీ సగం దారిలో నిద్రపోయింది. మీ నాన్న నేల మీద పడుకుని, రాతికి చెవి ఆనించి, అది లేచేదాకా పిలుస్తూనే ఉన్నాడు. తిట్టలేదు, తాడు గుంజలేదు. రావే, రావే తల్లీ అంటూ."

టాన్సీ వీపు మీద హెస్టర్ బొటనవేలు అటూ ఇటూ కదులుతోంది.

బయట బస్సు హారన్ మోగింది. ఆమె టాన్సీని కోటు లోపల దాచుకుని తలుపు దగ్గరికెళ్లి, వెళ్లిపొమ్మని డ్రైవరుకి చెయ్యి ఊపింది. బస్సు నీళ్లు చిమ్ముకుంటూ వంపు తిరిగింది.

"బాబాయ్, షెడ్డు తాళం నా దగ్గరుంది," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. "లోపల ఏది ఏమిటో నాకు తెలీదు. వచ్చి చూపిస్తావా?"

ఈనాక్ లేచి టోపీ పెట్టుకున్నాడు. ఖాళీ పెట్టె తనే భుజానికి తగిలించుకుని ఆమె వెనకే వానలోకి నడిచాడు. అతను గ్లాసులో బీరు వదిలేసి లేవడం డోరీన్ ఎన్నడూ చూడలేదు. సగానికి పైగా ఉంది. దాని మీద ఓ సాసరు మూసి పక్కన పెట్టింది.