రెండున్నర స్టార్లు

ఛీ ఛీ, దీన్ని పాటంటారా? పెట్టుకుని చూశాలెండి ఇందాక, మీరు స్నానానికెళ్లినప్పుడు, ఆ ఎర్ర వైరు హెడ్‌ఫోను. అంతా దబదబ, దబదబే! పక్కింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టుంది. పాడే ఆవిడ గొంతు ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది. దీనికోసమా పొద్దస్తమానం ఆ కుర్చీకి అతుక్కుపోయి కూర్చునేది?

ఏవండీ... ఏవండీ, మిమ్మల్నే!

హుఁ. గోడతో మాట్లాడినా నయం. గోడ కనీసం తల ఊపుతూ తాళం వెయ్యదు.

ఇల్లంతా వైర్లే. మంచం కింద వైర్లు, బియ్యం డబ్బా మీద వైర్లు. నిన్న చీపురుకి చుట్టుకుంటే విప్పేసరికి నా ప్రాణం తోకకొచ్చింది. ఆ చవక చెవి తొడుగుల నల్ల పొట్టు రాలి దిండు నిండా అదే. మీ చెవుల వెనకా అంటుకుంది. యాక్, కడుక్కోండి!

మీరు పెట్టే వీడియోల్లో మాత్రం ఎంత నాజూకో! "ఆడగొంతు కాస్త దూరంగా వినిపిస్తోందండీ, అందుకే రెండున్నర స్టార్లు." అబ్బో! ఏ హెడ్‌ఫోను కొనాలో లోకానికంతా చెప్పే నా మొగుడు, ఇంట్లో ఆడగొంతు ఎంత దూరంలో ఉందో ఎప్పుడైనా చూసుకున్నాడా? వంటింటికీ ఈ గదికీ మధ్య ఉన్నది ఒక్క తలుపే కదా!

నిన్న చెప్పబోతే వేలెత్తారు, ఆగమని. మొన్నా అంతే. వేలు! నేనేమన్నా బళ్లో పిల్లనా?

సరే, ఎలాగూ వినపడదుగా. హాయిగా చెప్పేస్తా. నువ్వు అని కూడా అంటా. ఒరేయ్ అందామనుకున్నా గానీ నోరు రావట్లేదు, పాడు అలవాటు.

విను. ఆఫీసులో వేరే ఊరి బ్రాంచికి వెళ్తావా అని అడిగారు. మేనేజరు పోస్టే, అయినా నాకు వెళ్లాలని లేదు. నిజం. నువ్వు "ఎందుకులే, ఉండిపో" అంటావని, ఆ ఒక్క మాట పట్టుకుని ఆగిపోదామని, వారం నుంచి నీ చుట్టూ తిరిగా. నువ్వేమో వేలు చూపించావు. ఇవాళ వెళ్తానని చెప్పేశా. సోమవారం ప్రయాణం. గది కూడా చూసుకున్నా, ఒక్క మనిషికి సరిపోతుంది.

ఏడవట్లేదులే. ఈ వైర్ల కంప చూసి కంపరమెత్తుతోంది, అంతే.

కాలెత్తు, కుర్చీ కింద ఊడవాలి. ఊఁ, అట్లా.

ఆగాగు. కాలెందుకెత్తావు? నేను తట్టలేదే!

ఈ వైరు కొసేంటి, ఇక్కడ నేల మీద పడుంది? పిన్ను దేనికీ పెట్టలేదు. ఫోనేమో అక్కడ గోడ దగ్గర చార్జింగులో ఉంది.

మరి ఇప్పటిదాకా ఏ పాటకి తల ఊపారు మీరు?

ఎప్పట్నుంచి ఈ నాటకం? ఇందాక ఏవండీ అని పిలిచినప్పుడూనా? నిన్న వేలెత్తినప్పుడు కూడా? ఛీ... ఇంతసేపూ చవక సరుకు ఆ హెడ్‌ఫోన్లనుకున్నా.

అయితే అంతా విన్నారన్నమాట. మంచిదే. చెప్పండి మరి, గొంతు స్పష్టంగా ఉందా? దగ్గరగానే వినిపించిందా? ఎన్ని స్టార్లు?

ఇప్పుడా చెవుల్నించి తీసేది?

పెట్టుకోండి, పెట్టుకోండి, తియ్యకండి. నేను సూట్‌కేసు దింపుకోవాలి.